సందేహాలు - సమాధానాలు: ముందు తీగ, తర్వాతే పరికరం

బేస్ గిటార్ తీగల గురించీ, ఇంట్లోనే రికార్డింగు చేసుకోవడం గురించీ మదనపల్లె, పుంగనూరు, కుప్పం పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను. ఎక్కువమంది అడిగింది ఏ పరికరం కొనాలని. చాలా జవాబులు మాత్రం తీగ దగ్గరే మొదలవుతాయి. స్వరం పుట్టేది అక్కడే కదా. పుట్టుకలోనే మందకొడిగా ఉన్న స్వరాన్ని ఎంత ఖరీదైన పెట్టె అయినా బాగుచేయలేదు.

ప్రశ్న: మా చర్చిలో ఆదివారం ఆరాధనకు బేస్ వాయిస్తాను. దుకాణంలో రౌండ్ వౌండ్, ఫ్లాట్ వౌండ్ అని రెండు రకాల స్ట్రింగ్స్ చూపించారు. రెండోది బాగా ఖరీదు. ఏది తీసుకోమంటారు?
*- ఒక పాఠకుడు, మదనపల్లె*

జవాబు: రెండింటి లోపలా ఉండేది ఉక్కు తీగే. దాని మీద చుట్టిన చుట్టులోనే తేడా ఉంది. గుండ్రటి సన్న తీగను చుడితే రౌండ్ వౌండ్. వేలికి గరుకుగా తగులుతుంది, స్వరం ఖంగుమంటుంది. చదునైన పట్టీని చుడితే ఫ్లాట్ వౌండ్. వేలు జరిపినా కీచుమనదు, స్వరం మెత్తగా, ముద్దగా వస్తుంది.

1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్‌ను తెచ్చినప్పుడు వాడుకలో ఉన్నది ఫ్లాట్ వౌండే. 1966లో ఇంగ్లండులోని రోటోసౌండ్ సంస్థ ‘ది హూ’ బృందం బేసిస్టు జాన్ ఎంట్విసిల్‌తో కలిసి రౌండ్ వౌండ్ తీగలకు మెరుగులు దిద్దాక రాక్ సంగీతంలో బేస్ గొంతే మారిపోయింది. అమెరికాలో మోటౌన్ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ మాత్రం మందపాటి ఫ్లాట్ వౌండ్ తీగలనే నమ్ముకున్నారు. తెగితే తప్ప వాటిని మార్చేవారు కాదు.

మీ దగ్గర కీబోర్డు, డ్రమ్స్ గట్టిగా మోగుతూ, చప్పట్లతో సాగే పాటలు ఎక్కువైతే నికెల్ పూత వేసిన రౌండ్ వౌండ్ తీసుకోండి. మందం 45 నుంచి 105 వరకూ ఉన్న సెట్ సరిపోతుంది. ఆ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులను చెబుతాయి. నిదానంగా సాగే కీర్తనలే ఎక్కువైతే ఫ్లాట్ వౌండ్ వేసుకోండి. అవి ఏళ్ల తరబడి వస్తాయి కాబట్టి అసలు ఖర్చు ఎక్కువ కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు రౌండ్ వౌండ్ ఇంకా మెరుస్తుంది కానీ ఫ్రెట్లను త్వరగా అరగదీస్తుంది. కొనేముందు మీ గిటార్ స్కేలు చూడండి. 34 అంగుళాలదైతే లాంగ్ స్కేల్ సెట్, 30 అంగుళాలదైతే షార్ట్ స్కేల్ సెట్ అడగాలి.

ప్రశ్న: పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. మా గాయకుడి గొంతు కోసం గిటార్‌ను అర స్వరం తగ్గించి శ్రుతి చేస్తే తీగలు వదులై ఫ్రెట్లకు టపటపా కొట్టుకుంటున్నాయి. ఐదు తీగల గిటార్ కొనక తప్పదా?
*- ఒక ఆర్కెస్ట్రా కళాకారుడు, పుంగనూరు*

జవాబు: కొనక్కరలేదు. అసలు శ్రుతి తగ్గించాల్సిన పని ఉందా అన్నది ముందు చూసుకోండి. పాట అర స్వరం దిగితే మీరు ఒక ఫ్రెట్ వెనక్కి జరిగి వాయించవచ్చు. ఖాళీ ‘ఈ’ తీగకన్నా కింది స్వరం కావాల్సిన పాటల్లోనే ఇబ్బంది వస్తుంది. అలాంటి పాటలు ఒకటి రెండే అయితే ఆ స్వరాన్ని పై స్థాయిలో పట్టుకోండి.

తగ్గించే తీరాలంటే తీగ మందం పెంచండి. అర స్వరం దింపితే తీగ బిగువు దాదాపు 11 శాతం, పూర్తి స్వరం దింపితే దాదాపు 21 శాతం తగ్గుతుంది. 50 నుంచి 110 వరకూ ఉన్న సెట్ వేస్తే ఆ బిగువు చాలావరకూ తిరిగి వస్తుంది.

సెట్ మార్చాక మెడ సంగతి చూడండి. నాలుగు తీగలూ కలిసి మెడను డెబ్బై ఎనభై కిలోల బలంతో లాగుతాయి. ఆ బలం మారితే మెడ వంపూ మారుతుంది. ‘ఈ’ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు. ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్‌ను పావు తిప్పు బిగించి, మర్నాడు మళ్లీ చూడండి. ఒకేసారి బలంగా తిప్పితే రాడ్ పాడవుతుంది.

ఐదో తీగ ‘బీ’ దాదాపు 31 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మండపాల్లో అద్దెకు తెచ్చే చిన్న స్పీకర్లు అంత కిందికి దిగలేవు. మీరు కష్టపడి వాయించినా ముందు వరుసలో కూర్చున్నవారికే సరిగా వినబడదు.

ప్రశ్న: పాత తీగలను నీళ్లలో ఉడకబెడితే కొత్తవాటిలా మోగుతాయంటున్నారు. నిజమేనా?
*- ఒక పాఠకుడు, కుప్పం*

జవాబు: రౌండ్ వౌండ్ తీగల విషయంలో నిజమే, కానీ ఆ మెరుపు కొద్ది రోజులే. చుట్ల సందుల్లో పేరుకున్న చెమట, జిడ్డు, చర్మం పొట్టు తీగను స్వేచ్ఛగా కంపించనివ్వవు. వేడినీళ్లు ఆ మురికిని వదలగొడతాయి. అరిగిపోయిన లోహాన్ని మాత్రం తిరిగి తేలేవు. పైగా సరిగా ఆరకపోతే లోపలి ఉక్కు తుప్పు పడుతుంది. చేతిలో డబ్బు లేని వారం కచేరీకి ఈ పద్ధతి పనికొస్తుంది, రికార్డింగుకు వద్దు. వాయించిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో ఒక్కో తీగనూ కిందా పైనా తుడవండి. తీగ ఆయుష్షు పెంచడానికి అంతకన్నా చవకైన మార్గం లేదు. చేతులకు చెమట ఎక్కువ పట్టేవాళ్లయితే పూత వేసిన తీగలు కొనండి. వాటి ధర ఎక్కువే గానీ మన్నిక కూడా ఎక్కువే.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ఇంట్లో పాటలు రికార్డు చేయాలని పార్ట్ టైం పని చేసి పాతిక వేలు కూడబెట్టుకున్నాను. ల్యాప్‌టాప్, బేస్ గిటార్ ఉన్నాయి. మైకు, మిక్సరు, స్పీకర్లలో ముందుగా ఏం కొనాలి?
*- ఒక విద్యార్థి, కుప్పం*

జవాబు: ఆ మూడూ ఇప్పుడు వద్దు. ముందు కొత్త తీగల సెట్, దానితోపాటు ఒకసారి గిటార్ సెటప్ చేయించుకోండి. తర్వాత రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, ఒక మంచి వైరు. వీటితోనే మీ మొదటి ఏడాది పని గడిచిపోతుంది.

ఇంటర్‌ఫేస్ మీద ‘ఇన్‌స్ట్రుమెంట్’ అనో, గిటార్ బొమ్మతోనో ఒక మీట ఉండాలి. దాన్ని నొక్కితే ఇన్‌పుట్ నిరోధం సుమారు ఒక మెగా ఓమ్‌కు చేరుతుంది. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో అది పది ఇరవై కిలో ఓమ్‌లే. అందులో గిటార్ పెడితే పికప్ మీద భారం పడి పై స్వరాల మెరుపు పోతుంది. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో నేరుగా పెట్టినా ఇదే బాధ. జేమర్సన్ కూడా డెట్రాయిట్ స్టూడియోలో యాంప్ ముందు మైకు పెట్టకుండా, గిటార్ వైరును నేరుగా కన్సోల్‌కు కలిపి వాయించారు. ఇంటర్‌ఫేస్‌తో మీరు చేయబోయేదీ అదే.

రికార్డింగును 24 బిట్లు, 48 కిలో హెర్ట్జ్‌లో పెట్టండి. మీరు వాయించే అతి గట్టి దెబ్బ కూడా మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ తగ్గించండి. ఎర్ర దీపం వెలిగిందంటే ఆ స్వరం చిరిగిపోయినట్టే, తర్వాత అతకదు. వాయించినదానికీ వినబడేదానికీ మధ్య జాప్యం ఉంటే బఫర్‌ను 128 శాంపిళ్లకు దించండి. అప్పుడు బఫర్ ఒక్కోసారికి మూడు మిల్లీ సెకన్ల లోపే తీసుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టకండి. రీపర్‌ను 60 రోజులు పూర్తి సదుపాయాలతో ప్రయత్నించి చూడవచ్చు, ఆడాసిటీ పూర్తిగా ఉచితం.

ఒక హెచ్చరిక: యాంప్ వెనకున్న స్పీకర్ అవుట్‌ను ఎప్పుడూ ఇంటర్‌ఫేస్‌కు కలపకండి. ఆ శక్తికి ఇంటర్‌ఫేస్ కాలిపోతుంది.

కుప్పం బెంగళూరు రైలు మార్గంలోనే ఉంది కాబట్టి మీ గిటార్, ల్యాప్‌టాప్ రెండూ తీసుకుని వెళ్లి, దుకాణంలో కలిపి విని చూసి కొనండి.

ప్రశ్న: రికార్డింగు మొదలుపెట్టగానే గుయ్‌మని ఒకటే మోత. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్తే ఇంకా ఎక్కువవుతుంది. ఎర్త్ పిన్ తీసేస్తే పోతుందని స్నేహితుడు అంటున్నాడు.
*- ఒక పాఠకుడు, మదనపల్లె*

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. మీ వేళ్లు తాకే తీగలు బ్రిడ్జి ద్వారా, వైరు ద్వారా యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ తీసేశాక లోపల ఎక్కడ లోపం వచ్చినా ఆ కరెంటు మీ చేతికే వస్తుంది. మోతకోసం ప్రాణం పణంగా పెట్టకూడదు.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్. ‘ఈ’ తీగ మూడో ఫ్రెట్ మీద పలికే ‘జీ’ 49 హెర్ట్జ్. అంటే ఈ మోత మీ స్వరాల మధ్యే కూర్చుంది. తర్వాత ఈక్వలైజర్‌తో కోయబోతే ‘జీ’ స్వరం కూడా తెగిపోతుంది. అందుకే దాన్ని మూలంలోనే ఆపాలి.

వరుసగా పరీక్షించండి. ముందు ఛార్జర్ తీసేసి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి. మోత తగ్గితే దోషం ఛార్జర్‌ది. తర్వాత ఫ్యాన్ రెగ్యులేటర్, ట్యూబులైటు ఆపి చూడండి. సింగిల్ కాయిల్ పికప్ అయితే గిటార్‌ను అటూ ఇటూ తిప్పండి. ఒక దిక్కున మోత బాగా తగ్గుతుంది, అక్కడే కూర్చుని వాయించండి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే దానిమీద రికార్డు చేయకండి, కరెంటు వచ్చేదాకా ఆగండి. ఇంటి ఎర్త్ గుంత వేసవిలో ఎండిపోతే ఎర్తింగ్ పనిచేయడం మానేస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొలిపించండి.

ప్రశ్న: మా మిద్దె గది పది అడుగుల చదరం. ‘ఏ’ తీగ మోగిస్తే గది అదిరిపోతుంది, ‘డీ’ తీగ మామూలుగానే ఉంటుంది. గిటార్ లోపమా? గోడలకు గుడ్ల ట్రేలు అంటిస్తే పోతుందా?
*- ఒక పాఠకురాలు, పుంగనూరు*

జవాబు: లోపం గిటార్‌ది కాదు, గది కొలతది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. పది అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య అది నిలిచి ఊగే మొదటి స్థాయి 56 హెర్ట్జ్. ఖాళీ ‘ఏ’ తీగ 55 హెర్ట్జ్. రెండూ దాదాపు ఒకటే కాబట్టి గదే ఆ స్వరాన్ని పెంచుతోంది. పొడవు, వెడల్పు సమానం కావడం వల్ల ఆ ప్రభావం రెట్టింపైంది. స్లాబు కూడా పది అడుగుల ఎత్తులోనే ఉంటే మూడింతలు. ఇలాంటి గదిలో గోడ పక్కన ‘ఏ’ మోత మోగిపోతుంది, సరిగ్గా నడిమధ్యలో నిలబడితే అదే స్వరం మాయమవుతుంది.

గుడ్ల ట్రేలు ఈ స్వరాలను ఏమీ చేయలేవు, అంటించకండి. గది నడుమ కాకుండా, ముందు గోడకు సుమారు నాలుగు అడుగుల దూరంలో కూర్చోండి. మూలల్లో మందపాటి రాక్ వూల్ పలకలు నిలబెడితే ఫలితం ఉంటుంది. వాటికన్నా తక్కువే అయినా, చుట్టిన దూది పరుపులూ కొంత సాయపడతాయి.

అంతకన్నా ముఖ్యమైన మాట: వైరు ద్వారా నేరుగా రికార్డు చేసినప్పుడు గది శబ్దం అందులో చేరదు. మీకు స్పీకర్లలో వినబడే అదురు రికార్డింగులో లేదు. ఉందనుకుని ఈక్వలైజర్‌లో 55 హెర్ట్జ్ తగ్గిస్తే బయట వినేవాళ్లకు పాట పలచబడుతుంది. బేస్ మట్టాన్ని ఎప్పుడూ హెడ్‌ఫోన్లలోనే నిర్ణయించండి.

ప్రశ్న: హెడ్‌ఫోన్లలో నా బేస్ చక్కగా ఉంది. అదే పాట ఫోన్ స్పీకర్లో పెడితే బేస్ లేనే లేదు. ఏం చేయాలి?
*- ఒక విద్యార్థిని, కుప్పం*

జవాబు: ‘ఈ’ తీగ 41 హెర్ట్జ్. ఫోన్‌లోని చిన్న స్పీకర్ దాని దరిదాపులకు కూడా దిగలేదు. అయితే ఒక తీగ మోగినప్పుడు 82, 123, 164 అంటూ పైపై గుణిజాలు కూడా మోగుతాయి. ఆ పై స్వరాలు వినబడితే చాలు, కింది మూలస్వరాన్ని మన మెదడే ఊహించుకుంటుంది. కాబట్టి ఫోన్ వినేవాళ్లకోసం అడుగు పెంచకండి, మధ్యభాగం పెంచండి. 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ ఎత్తండి, కొద్దిగా శాచురేషన్ కలపండి. ఆ భాగంలో ఎత్తడానికి ముందుగా అక్కడ స్వరం ఉండాలి. పాతబడిన తీగల్లో అది చచ్చిపోయి ఉంటుంది, కొత్త రౌండ్ వౌండ్‌లో పుష్కలంగా ఉంటుంది.

వాయింపులో కూడా దారి ఉంది. ఇళయరాజా ‘గీతాంజలి’ (1989) పాటలను బేస్ మీదే మనసు పెట్టి వినండి. అక్కడ బేస్ కేవలం తాళానికి తోడు కాదు, పాటతోపాటు నడిచే మరో స్వరపంక్తి. అలా పై స్థాయికి ఎక్కి కదిలే బేస్ చిన్న స్పీకర్లో కూడా తన ఉనికి చాటుకుంటుంది.

ప్రశ్న: కళాశాల కార్యక్రమానికి కీబోర్డు, వయొలిన్, బేస్‌తో జనగణమన రికార్డు చేయాలనుకుంటున్నాం. బేస్ ఎలా ఉండాలి?
*- ఒక విద్యార్థి బృందం, మదనపల్లె*

జవాబు: మీ ఊళ్లో ఈ పని చేయడానికి ప్రత్యేక అర్థం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు అతిథిగా వచ్చి, ఈ గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది మదనపల్లెలోనే. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం తెలిసినవారు. ఆమె ఈ బాణీకి స్వరలిపి రాశారు.

అందుకే బాణీని, నిడివిని మార్చకండి. పూర్తి గీతం సుమారు 52 సెకన్లు. బేస్ వరసల మధ్య అలంకారాలు వేయకూడదు. స్వరం మారినచోట మూలస్వరాన్ని పట్టుకుని, దాని పూర్తి కాలం నిలపండి. ఫ్లాట్ వౌండ్ తీగలుంటే మేలు. లేకపోతే బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చి, బొటనవేలి మెత్తటి భాగంతో మీటండి. రికార్డు చేసే ముందు రోజే కొత్త తీగలు వేసి, బాగా సాగదీసి, పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి సరిచూసుకోండి. వయొలిన్ పక్కన బేస్ కొంచెం తప్పినా గీతం మొత్తం తప్పినట్టే వినిపిస్తుంది.

వచ్చే సంచికకు ఉత్తరం రాసేవారు మీ గిటార్ స్కేలు, వేసిన తీగల రకం, మందం, వాటిని ఎప్పుడు మార్చారు, గది పొడవు, వెడల్పు, ఎత్తు తప్పక రాయండి. ఈ వివరాలుంటేనే మీకు సరిపోయే జవాబు ఇవ్వగలను.