వైమానిక దళ దినము

అక్టోబరు 8వ తేదిని భారత వైమానిక దళ వార్షికోత్సవము జరుగును. ఆనాడే మన తొలి యుద్ధవిమానము లేచెనని నిమ్మనపల్లె బాలురు తలంపరాదు. 1932లో ఆ తేదిని దళమునకు చట్టరూపము మాత్రమే కలిగెను. 1933 ఏప్రిల్ 1వ తేదిని కరాచీలో తొలి స్క్వాడ్రను నాలుగు వాపిటి విమానములతో ఏర్పడెను. అవి గుడ్డ తొడిగిన జంటరెక్కల విమానములు. వానిని నడపినవారికి కీర్తి వచ్చెను గాని, యంత్రములు సవరించిన ‘హవాయి సిపాయి’లను తలచువా రరుదు. పేరు గాలిది, పని నేలమీదిది!

1923లో హైదరాబాదున జన్మించిన ఇద్రీస్ హసన్ లతీఫుగారు 1942లో ఈ దళమున చేరిరి. 1947లో దేశముతోబాటు దళమును చీలినప్పుడు, ఎటు పోవలెనో వారే తేల్చుకొనవలసివచ్చెను. వారు భారతదేశముననే నిలిచిరి, 1978లో దళాధిపతులైరి. నేడు మన విమానచోదకులు శిక్షణ పొందు దుండిగల్లు వారు పుట్టిన ఊరికి చేరువనే యున్నది.