సహాయం అందరికీ చేరాలి, ఊరు చీలకూడదు

తుపాను తరువాత నీళ్లు కాచి తాగడం, ఓ.ఆర్.ఎస్. కలపడం గురించి ఇదివరకే చాలాసార్లు చెప్పుకున్నాం. ఈసారి పాఠం పంపకం గురించి. ఆసుపత్రి పత్రికలో ఇదేమిటి అనుకోవద్దు. తుపాను రోజుల్లో మా కాజువాలిటీకి వచ్చే దెబ్బల్లో కొన్ని ఎగిరిన రేకులు తగిలినవి, మరికొన్ని బియ్యం బారులో కొట్టుకున్నవి. కుట్లు రెండింటికీ వేస్తాం. కాని రెండో రకం దెబ్బ రాకుండా ఆపవచ్చు.

దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. అప్పటికి నాకు ఏడేళ్లు, గుడివాడ వైపు ఉండేవాళ్లం. తాటిచెట్టంత అల వచ్చిందని మా మేనత్త చెప్పేది. దాదాపు పదివేల మంది పోయారు. ఆ తరువాత దేశం నలుమూలల నుంచి సహాయం వచ్చింది. మదర్ థెరిసా వచ్చారు. రామకృష్ణ మిషన్ వారు పనిచేశారు, చర్చిల వారు పనిచేశారు, దేవుడు లేడనే విజయవాడ నాస్తిక కేంద్రం వారూ పనిచేశారు. శవాలను ఎత్తే పనిలో ఎవరి నమ్మకం ఏమిటని ఎవరూ అడగలేదని మా పెద్దవాళ్లు అనేవారు. చిక్కు తరువాత వచ్చింది. లారీ రోడ్డు ఉన్నంతవరకే వెళుతుంది. రోడ్డు పక్క ఊళ్లకు రెండుసార్లు దుప్పట్లు అందితే, లోపలి పల్లెపాలేలు ఎదురు చూశాయట. పైనుంచి పొట్లాలు వేస్తే బలమున్నవాడు నాలుగు పట్టుకున్నాడు, చంటిబిడ్డ తల్లికి ఒక్కటీ దక్కలేదు.

పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు ఆ ఉప్పెన తరువాత మన కృష్ణా డెల్టా పల్లెలను ఏళ్ల తరబడి గమనించి 1992లో పుస్తకం వేశారు. ఆయన పరిశోధన నుంచి రెండు కుటుంబాల ఉదాహరణ విపత్తుల పాఠ్యపుస్తకాలలోకి వెళ్లింది. రెండిళ్లకూ నడుమ దూరం వంద మీటర్లే. ఒకరిది ఇటుక ఇల్లు, మంచి పొలం, సొంత లారీ. రేడియోలో హెచ్చరిక విని, విలువైనవి వేసుకుని ఇంటిల్లిపాదీ లారీలో వెళ్లిపోయారు. రెండో వారిది పూరిల్లు, కూలి బతుకు. ఉప్పెనలో వారి చిన్నబిడ్డ పోయింది, ఇల్లు పోయింది, పశువులు పోయాయి. డబ్బు లెక్క వేస్తే మొదటి కుటుంబానికే నష్టం ఎక్కువ! కాని దాచుకున్న సొమ్ముతో వారు వారంలో ఇల్లు బాగుచేసుకున్నారు. రెండో వారు పాక వేసుకోవడానికి కూడా వడ్డీకి అప్పు తెచ్చారు.

నష్టాన్ని బట్టే పంచితే ఎక్కువ ఎవరికి వెళుతుంది? కాగితాలు చూసి పంచితే కౌలుదారుకు, పట్టా లేని యానాది కుటుంబానికి ఏం మిగులుతుంది? మనం చెడు తలపెట్టకపోయినా, ఊరిలో ముందునుంచీ ఉన్న ఎత్తుపల్లాలను మన బియ్యం బస్తా ఇంకాస్త పెంచి వెళుతుంది.

మా పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం, అప్పుడు నేను పనిచేసే చోటు వేరు, ఒక వరద తరువాత మందులు, బియ్యం, దుప్పట్లతో ఒక ఊరికి వెళ్లాం. పేర్ల చీటీ మన సంఘం పెద్ద ఒకరు రాసి ఇచ్చారు. మంచి మనిషి. ఆయనకు తెలిసిన పేర్లన్నీ రాశారు, ఆయనకు తెలిసినవి సంఘం వారి పేర్లే. పక్క వీధిలో వారూ మునిగారు, వారికి చీటీలు లేవు. ఆ సాయంత్రం కేకలతో సరిపోయింది. తరువాత వారం నేను టీకాలకు వెళ్లేసరికి, రెండు వీధులకూ ఉన్న ఒక్క చేతిపంపు దగ్గర మన ఆడవాళ్లను నీళ్లు పట్టుకోనివ్వడం లేదు. వాళ్లు కాలువ నీళ్లు తెచ్చుకున్నారు. పదిరోజుల్లో విరేచనాలతో పిల్లలు వచ్చారు. సెలైన్ ఎక్కించాం, అందరూ బతికారు. ఆ పిల్లల జబ్బులో మా దుప్పట్లకూ భాగం ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

ఈ విషయం మీద ఎక్కువగా రాసినవారు మేరీ ఆండర్సన్. ఆవిడ పుస్తకం 1999లో వచ్చింది. యుద్ధాలు, గొడవలు ఉన్న చోట్ల సహాయం ఎలా పనిచేసిందో అనేక దేశాల అనుభవాలు పోగుచేశారు. సారాంశం మన నర్సులకు కొత్తది కాదు. మేలు చేయబోయి హాని చేయకూడదు. ఊరిలోకి వెళ్లేముందు రెండు విషయాలు కనిపెట్టమంటారు: ఇక్కడ మనుషులను విడదీసేవి ఏవి, కలిపేవి ఏవి? విడదీసేవి మనకు తెలుసు, కులం, పార్టీ, చెరువు పాట, పాత కేసు. కలిపేవి ఉన్నా మనం చూడం. ఒకే బడి, ఒకే రేవు, ఒకే తుపాను షెల్టరు. సహాయం వాటి మీదుగా వెళ్లాలి. రెడ్‌క్రాస్ తదితర సంస్థలు 1994లో రాసుకున్న ప్రవర్తన నియమావళి కూడా అవసరాన్ని బట్టే ఇవ్వాలని, మతం గాని రాజకీయం గాని ముందుకు తోయడానికి సహాయాన్ని వాడరాదని చెబుతుంది. ఇది మనకూ వర్తిస్తుంది. బియ్యం చేతిలో పెట్టుకుని ప్రార్థనకు రమ్మనడం సరికాదని నా అభిప్రాయం. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు.

2004 డిసెంబరు 26 సునామీ మన మంగినపూడి ఒడ్డునూ తాకింది. తమిళనాడులో నాగపట్నం వైపు దళితులను సహాయ శిబిరాలలో దూరం పెట్టారని అప్పట్లో నివేదికలు వచ్చాయి. అదే అల ఇండోనేషియాలోని అచే మీద పడిన తరువాత, అక్కడ పోరాడుతున్న రెండు పక్షాలూ 2005 ఆగస్టులో ఒప్పందం చేసుకున్నాయి. శ్రీలంకలో ప్రభుత్వం, తమిళ పులులు కలిసి సహాయం పంచుకోవాలన్న ఏర్పాటు 2005లో కోర్టులో ఆగింది, మరుసటి ఏడాదికి యుద్ధం మళ్లీ రాజుకుంది. అందుకు కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క పంపకమే కాదు. కాని అదే నీరు ఒకచోట మనుషులను కలిపింది, ఇంకోచోట కలపలేకపోయింది.

నేను నర్సింగ్‌లో చేరిన కొత్తలో, 1988 డిసెంబరులో, వంగవీటి మోహనరంగా హత్య తరువాత మన జిల్లా అంతా అట్టుడికింది. విజయవాడలో కర్ఫ్యూ. మా ట్యూటరు అమ్మగారు మమ్మల్ని వరసగా నిలబెట్టి, "ఎవరు ఏ వర్గమో అడగవద్దు, కేసు షీటులో రాయవద్దు. రక్తం ఎవరికి ఎక్కువ పోతోందో అది చూడండి" అన్నారు. పంపకానికి కూడా నాకు తెలిసిన సూత్రం ఇదే.

1990 మే 9 తుపానుకు ముందే పెద్ద సంఖ్యలో జనాన్ని తరలించారు. ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. అప్పుడు మేము విద్యార్థినులం, ఒక షెల్టరులో డ్యూటీ పడింది. గాలి కంటే వంట పెద్ద సమస్య అయింది. ఎవరు వండితే ఎవరు తింటారు? ఒక పెద్దావిడ చిరాకుపడి, వీధికి ఇద్దరు చొప్పున ఆడవాళ్లను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. పప్పు మాడింది. అందరూ కలిసి తిట్టుకుంటూ తిన్నారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నందివాడ మండలాన్నీ ముంచింది. ఆ వరదలో మేము ఇలా చేశాం. జాబితా ఒక్కరితో రాయించలేదు. పాస్టరుగారు, గుడి కమిటీ పెద్ద, ఆశా కార్యకర్త, పేట నుంచి ఒకరు, ఒక కౌలుదారు భార్య కూర్చుని రాశారు. పేర్లు పెద్దక్షరాలతో బడి గోడ మీద అంటించాం. రెండుచోట్ల గొడవ అయింది, కాని కాగితం మీద అయింది, మనుషుల మీద కాదు. వైద్య శిబిరం చర్చిలో పెట్టకుండా బడిలో పెట్టాం. మొదటి మూడు రోజులు ప్రతి గడపకూ ఒకే పొట్లం. ఆకలిలో తేడాలు లెక్కపెడితే తగవు తప్పదు. ఆ తరువాతే గర్భిణులు, వృద్ధులు, పాక పోయినవారు అని చూశాం. డాబా ఇంటివారికి కూడా పొట్లం ఎందుకు అని మన సంఘంలోనే కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ మూడు రోజుల పొట్లాన్ని నేను ఊరి శాంతికి కట్టిన బీమా అనుకున్నాను.

తుపానుల కాలం వచ్చేముందు మీ ఊరి షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉందో, రాత్రి రెండు గంటలకు అన్ని వీధుల వారూ ఆయన తలుపు కొట్టగలరో లేదో తెలుసుకోండి. ఔట్ పేషెంటు గది బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాం. మా బృందం ఎన్నడూ అడుగుపెట్టని వీధి మీకు తెలిస్తే అందులో రాయండి. మీ పేరు రాయనక్కరలేదు, వీధి పేరు చాలు.