పెద్ద జాతి శునకాల గృహస్థాయి సంవర్ధనం: దాటు వయసు నిర్ణయం

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాలలో జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతి శునకాలను ఇంటివద్ద సంవర్ధనం చేయదలచినవారు ముందుగా నిర్ణయించుకోవలసినది దాటు వయసు.

2017 నాటి కేంద్ర శునక సంవర్ధన, విక్రయ నియమాల ప్రకారం 18 నెలలు నిండని శునకాన్ని సంతతికి వినియోగించరాదు. ఏడాదికి ఒక ఈత, జీవితకాలంలో ఐదు ఈతలు మించరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లలను విక్రయించరాదు. పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి.

అయితే 18 నెలలన్నది కనీస పరిమితి మాత్రమే. పెద్ద జాతులలో హిప్ డిస్ప్లేసియా అనే తుంటి కీలు లోపం వంశపారంపర్యంగా సంక్రమిస్తుంది. చక్కగా నడిచే కుక్కలోనూ ఇది దాగి ఉండవచ్చు. అమెరికాలోని ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ 24 నెలలు నిండిన తరువాతనే తుంటి ఎక్స్-రేకు తుది ధ్రువీకరణ ఇస్తుంది. కావున ఆడ, మగ రెండింటికీ ఆ వయసులో పరీక్ష జరిపి, లోపం లేదని తేలిన పిదపనే దాటించడం శ్రేయస్కరం.

గర్భకాలం సుమారు 63 రోజులు. ఫిబ్రవరి, మార్చి మాసాలలో దాటిస్తే ఈత ఏప్రిల్, మే మాసాల ఎండలలో పడుతుంది. వేడికి వగర్చే తల్లి పిల్లల వద్ద నిలవకపోవచ్చు. చూలు సమయంలో పశువైద్యుని సలహా లేకుండా కాల్షియం ఇస్తే, ఈనిన పిదప రక్తంలో కాల్షియం పడిపోయి వణుకు, మూర్ఛ కలిగే ప్రమాదం పెరుగుతుంది.

తుంటి లోపం తేలిన శునకం ఇంటి కాపలాకు, తోడుకు పనికివస్తుంది. సంతతికి మాత్రం కాదు. ఆరు నెలల నిరీక్షణను వ్యయంగా భావించే పెంపకందారునికి, ఆ వ్యయాన్ని తప్పించుకుంటే కుంటే పిల్లల రూపంలో కొనుగోలుదారు భరించవలసి వస్తుందని విస్తరణ సిబ్బంది వివరించాలి.