గుంటూరు గ్రహణం తేల్చిన సంగతి

ప్రశ్న: అన్నీ పరమాణువులే అయినప్పుడు భౌతికశాస్త్రం ఒక్కటి చాలదా? దాని పరిధి ఎంత?

జవాబు: పదార్థం, శక్తి ఏ నియమాలతో నడుస్తాయో, ఆ నియమాలు అన్నిచోట్లా ఒకటేనా అన్నది కొలిచి తేల్చడమే భౌతికశాస్త్రం. 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం వేళ, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో కాంతిని రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపును సూర్యుడి అంచున ఎగసే జ్వాలలపై నిలిపాడు. వాటి కాంతి విడివిడి ప్రకాశరేఖలుగా కనిపించింది. అంటే ఆ జ్వాలలు బాగా వేడెక్కిన వాయువులు. ఆ ఏడాదే ఇంగ్లండులో ఖగోళశాస్త్రవేత్త లాకయర్, ఆ రేఖల్లోని పసుపురేఖ సోడియం రేఖలతో సరిపోవడం లేదని గుర్తించాడు. ఒక్కో మూలకానికీ తనవైన రేఖలుంటాయి కనుక, అది భూమ్మీద తెలియని మూలకానిదన్న నిర్ణయానికి వచ్చాడు. సందేహించినవారూ లేకపోలేదు. 1895లో రసాయనశాస్త్రవేత్త రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి రాబట్టిన వాయువులో సరిగ్గా అదే రేఖ దొరికింది. అదే హీలియం. దాదాపు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న సూర్యుడికీ, ప్రయోగశాలలోని గాజుగొట్టానికీ నియమం ఒకటేనని ఇంతకన్నా చక్కగా చూపే ఉదాహరణ నాకు తట్టదు.

మూలకాలు రసాయనశాస్త్రం సొత్తు కదా అనవచ్చు. నిజమే, కానీ ఆ రేఖ అక్కడే ఎందుకు పడుతుందో చెప్పగలిగింది క్వాంటం సిద్ధాంతమే. అలాగని మిగతా శాస్త్రాలు భౌతికశాస్త్రంలో కరిగిపోవు. డీఎన్‌ఏలోని ప్రతి బంధమూ క్వాంటం నియమాలకు లోబడేదే. అయినా ఫలానా జన్యువే ఎందుకు నిలిచిందో ఆ నియమాల్లో వెతికితే దొరకదు. దానికి జీవపరిణామ చరిత్రే కావాలి.