వాస్పు విమానయంత్రము

నీటితో చల్లార్చు విమానయంత్రములకు బరువు హెచ్చు. సముద్రముపై గొట్టము చిట్లి నీరు కారినచో వైమానికుని ప్రాణమునకే ముప్పు. కావున అమెరికా నౌకాదళము గాలితో చల్లారు యంత్రములను కోరెను. 1925వ సంవత్సరమున ఫ్రెడరిక్ రెంట్ష్లరు హార్టుఫర్డు నగరమందు ప్రాట్ అండ్ విట్నీ విమానయంత్రశాలను స్థాపించెను. ఆ డిశెంబరు 24వ తేదీకే మొదటి యంత్రము సిద్ధమయ్యెను. దానికి 'వాస్పు', అనగా కందిరీగ, యని పేరిడిరి. బరువు 650 పౌనులకు లోపు. బలము 400 గుఱ్ఱములకు మించెను.

ఇందు తొమ్మిది సిలిండర్లు బండిచక్రపు ఆకులవలె ఇరుసుచుట్టు నమరియుండును. గాలి యన్నిటిని తాకును. తొమ్మిదియే యేల? పెట్రోలు ఒకదానిని విడిచి యొకదానిలో మండవలెను: 1, 3, 5, 7, 9, పిదప 2, 4, 6, 8. ఇరుసు రెండు చుట్లు తిరుగులోపల అన్నిటి వంతును తీరును. సరిసంఖ్య యైనచో ఈ వరుస తప్పును. ఎనిమిదింటితో మనము పలకపై వేసి చూతము. 1960 వరకు ఇట్టి యంత్రములు సుమారు 35,000 తయారయ్యెను.