దినచర్యయే చలనచిత్రము

విద్యార్థులారా! దినచర్య వ్రాసికొను అలవాటు మీలో కొందఱికి కలదు. కాగితముపై గాక ఫిల్ముపై దినచర్య వ్రాసిన యొకని వృత్తాంతము నిచట చెప్పెదను.

జోనాస్ మెకాస్ 1922లో లిథువేనియా దేశపు పల్లెలో జన్మించెను. యుద్ధకాలమున, 1944లో, ఊరు విడిచి జర్మనీలో నిర్బంధ శ్రమశిబిరము పాలై, పిదప నిర్వాసితుల శిబిరములలో గడపి, 1949లో తమ్మునితో న్యూయార్కు చేరెను. చేరిన కొలదికాలమునకే అప్పు చేసి బోలెక్స్ అను కెమెరా కొనెను. కూటికి వెదకుకొనువానికి కెమెరా యేల యని మీ తల్లిదండ్రులు అడుగుదురు, న్యాయమైన ప్రశ్నయే. ఊరు పోగొట్టుకొన్నవాడు నేటి దినమునైన చేజారనీయకుండ జూచెనని నా తలంపు.

ఆ యంత్రము గడియారమువలె కీ యిచ్చి నడపవలసినది. అర నిమిషము లోపుననే ఆగును. నూరడుగుల ఫిల్ముచుట్ట మూడు నిమిషములైన రాదు. కావున ఆతడు కథ కల్పింపక, నటులను పిలువక, మంచు, పెండ్లి, మిత్రుల విందు మొదలగు కంటబడినవానిని ముక్కలు ముక్కలుగా తీసెను. ఒక్కొక్కచో రెండుమూడు బొమ్మలే తీసి నిలుపుటచే తెర మినుకుమినుకుమనును. మొదట నాకును కన్నులు చెదరినవి. 1969 నాటి ‘వాల్డెన్’ ఇట్టిదే. సుమారు మూడు గంటలు. 1971లో స్వగ్రామమునకు మరలిపోయి, వృద్ధురాలైన తల్లిని చిత్రించెను. 2019లో మరణించెను.

మన తీరమునకు దీనితో నేమి పని యందురా? బకింగుహాము కాలువపై ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యము నింపుకొని పడవలు చెన్నపట్టణమునకు పోవుచుండెడివి. తుపానులకు కాలువ చెడెను. రైళ్లును లారీలును వచ్చెను. ఆ వర్తకము అంతరించెను. మా తాతగారు ఆ పడవలపై గడ వేసినవారు. ఆయన ఛాయాపటము మా యింట గలదు. కుర్చీలో బిగిసి కూర్చున్నారు. గడను భుజమున కానించి పడవ యంచున నడచు తీరు మాత్రము మా తల్లికే తెలియును. అడిగినచో లేచి నడచి చూపును. ఆమెకు ఎనుబది యేండ్లు దాటినవి.

నేడు ఇంటింట చేతిఫోను గలదు. సెలవులలో దినమునకు పది సెకండ్ల చొప్పున పది దినములు తీయుడు. మైపాడులో వల యల్లువారిని తీయగోరినచో ముందుగా అడుగుడు; వలదన్నచో మానుడు. నవ్వుమని ఎవ్వరిని కోరకుడు. తేదీయు పేరును వెంటనే వ్రాసి యుంచుడు. బడి తెఱచిన తొలి శనివారమున అందఱివియు చూతము. మా తల్లి నడకతో నేను ప్రారంభించెదను.