విశాల కోణ కటకం – ఇరుకు గదిలో కుటుంబ చిత్రం

విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, స్వదేశం నుండి తల్లిదండ్రులు వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్ళేటప్పుడు, తిరుగు ప్రయాణానికి ముందు అందరూ కలిసి ఒక ఫోటో తీయించుకోవడం ఆనవాయితీ. అపార్టుమెంటులో ముందు గది పది పన్నెండు అడుగులకు మించదు. మనుషులా, పదిమందికి తక్కువ ఉండరు. కెమేరా పట్టినవారు వీపును గోడకు ఆనించినా ఇరువైపుల నిలిచినవారు చట్రంలోకి రారు. చలికాలమైతే బయట నిలబడి తీసుకునే వీలూ లేదు. అటువంటి సమయంలోనే విశాల కోణ కటకం, అనగా వాడుకలోని వైడ్ యాంగిల్ లెన్సు, కొనాలన్న ఆలోచన వస్తుంది. మిర్రర్‌లెస్ కెమేరాలకు అమర్చదగిన ఇటువంటి లెన్సులు ఈనాడు అరచేతిలో ఇమిడేటంత చిన్నవిగా లభిస్తున్నాయి.

ఈ ఫోటో విషయంలో ఎవరూ పైకి అనని సంగతి మరొకటి ఉన్నది. పెద్దవారు గతించిన తరువాత గోడకు తగిలించి దండ వేసే పటం, చాలా ఇళ్ళలో, ఇటువంటి బృంద చిత్రం నుండి ఒక్క ముఖాన్ని వేరుచేసి పెద్దది చేయించినదే. ఆ ముఖం ఆనాడు చట్రం మధ్యలో ఉన్నదా, అంచున ఉన్నదా అన్న దానిని బట్టి పటంలోని పోలిక నిలవడమో, చెదరడమో జరుగుతుంది. కనుక కొత్త కటకాన్ని ముఖ్యమైన రోజున మొదటిసారి వాడకుండా, దుకాణంవారి వాపసు గడువు ముగియకముందే పరీక్షించి చూడడం మంచిది.

ఎంత వెడల్పు పడుతుంది?

కటకం చూడగలిగే మేరను నిర్ణయించేవి రెండు: కటకపు నాభ్యంతరం, దాని వెనుక ఉన్న సెన్సరు వెడల్పు. ఫుల్ ఫ్రేమ్ కెమేరాలలో సెన్సరు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. వెనుకటి 35 మి.మీ. ఫిల్ము మీద పడే చిత్రం కొలత కూడా ఇదే. మనుషులకూ కెమేరాకూ మధ్య దూరాన్ని 36తో హెచ్చించి నాభ్యంతరంతో భాగించినచో చట్రంలో పట్టే వెడల్పు వస్తుంది. ఎనిమిది అడుగుల దూరం నుండి 50 మి.మీ. కటకంలో 5.8 అడుగులు, 28 మి.మీ. కటకంలో 10.3 అడుగులు, 24 మి.మీ. కటకంలో 12 అడుగులు, 16 మి.మీ. కటకంలో 18 అడుగులు పడతాయి. అటువంటప్పుడు 16 మి.మీ. కటకమే అన్నిటికంటె ఉత్తమమని తోచడం సహజం. అది ఎందుకు కాదో ముందు ముందు తెలుస్తుంది.

అద్దం పోయిన తరువాత

సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమేరాలో కటకానికీ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం లేచి పడుతూ ఉంటుంది. ఆ అద్దానికి చోటు కావాలి. కానన్ వారి ఇ.ఎఫ్. పద్ధతిలో కటకం బిగించే వలయం నుండి ఫిల్ము వరకు దూరం 44 మి.మీ.; నికాన్ ఎఫ్ పద్ధతిలో 46.5 మి.మీ. నాభ్యంతరం 24 మి.మీ. ఉన్న సాధారణ కుంభాకార కటకం తన నుండి ఇంచుమించు 24 మి.మీ. దూరంలోనే ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. అది అద్దం తిరిగే చోటులోనే పడుతుంది! దీనికి పరిష్కారంగా ముందువైపు పెద్ద పుటాకార కటకాలను, వెనుక కుంభాకార కటకాలను అమర్చి, ప్రతిబింబాన్ని దూరంగా నెట్టే నిర్మాణాన్ని అనుసరించారు. ఫ్రాన్సుకు చెందిన పియర్ ఆంజెన్యూ 1950లో ‘రెట్రోఫోకస్’ అనే పేరుతో వెలువరించిన 35 మి.మీ. కటకం వలన ఆ పేరే ఈ నిర్మాణానికి స్థిరపడింది. పాత వైడ్ యాంగిల్ లెన్సుల ముందుభాగం గంగాళం మూతివలె విశాలంగా ఉండి బరువు తూగడానికి ఇదే ముఖ్య కారణం.

2008లో పానసోనిక్ సంస్థ వెలువరించిన జి1 కెమేరాతో అద్దం లేని, కటకాలు మార్చుకోగల కెమేరాలు మార్కెట్టులో ప్రవేశించాయి. పైన చెప్పిన దూరం సోనీ ఇ పద్ధతిలో 18 మి.మీ.కు, కానన్ ఆర్.ఎఫ్. పద్ధతిలో 20 మి.మీ.కు, నికాన్ జడ్ పద్ధతిలో 16 మి.మీ.కు తగ్గింది. కటకం చిన్నది కావడానికి మార్గం ఏర్పడింది. అయినా ఫిల్ము నాటి స్వేచ్ఛ పూర్తిగా రాలేదు. ఫిల్ము ఏటవాలుగా వచ్చే కిరణాలను కూడా స్వీకరిస్తుంది. సెన్సరు మీద మందపాటి గాజు పలక, సూక్ష్మ కటకాల వరుస ఉండడం వలన అంచులలో మరీ ఏటవాలుగా పడిన కిరణాలు రంగు మారి, అలుక్కుపోతాయి. అందుచేత నేటి కటకాలు పాత నిర్మాణాన్ని కొంత వదలి, కొంత నిలుపుకున్నాయి.

గాజులోని రసాయనం

కటకం చిన్నది కావాలంటే తక్కువ మందంలోనే కిరణాలను ఎక్కువగా వంచాలి. కిటికీ అద్దాలలో వాడే సోడా-సున్నపు గాజు వక్రీభవన గుణకం దాదాపు 1.52. సీసపు ఆక్సైడు కలిపితే గుణకం పెరుగుతుంది గాని, దానితోపాటు రంగులను విడదీసే గుణం, అనగా విక్షేపణం కూడా పెరుగుతుంది. అప్పుడు తెల్ల చీర అంచున ఊదా గీత కనిపిస్తుంది. గుణకం ఎక్కువగా, విక్షేపణం తక్కువగా ఉండే గాజు కోసం 1930లలో అమెరికాలో జార్జి మోరీ ఇసుకను దాదాపు విడిచిపెట్టి, బోరిక్ ఆక్సైడుతో లాంథనం వంటి విరళ మృత్తిక ధాతువుల ఆక్సైడులను కరిగించాడు. నేటి చిన్న కటకాలకు ఈ లాంథనం గాజు వెన్నెముక వంటిది. ఒక దశలో థోరియం ఆక్సైడును కూడా వాడారు. దాని స్వల్ప రేడియోధార్మికత వలన ఆ గాజు ఏళ్ళు గడిచేకొద్దీ పలుచని టీ రంగుకు తిరిగేది. ఆ వాడకం తరువాత మానివేశారు.

గాజు ముక్కల సంఖ్య పెరిగితే మరొక సమస్య. పూత లేని గాజు తలం ఒక్కొక్కటి తన మీద పడిన కాంతిలో నాలుగు శాతాన్ని పరావర్తనం చేస్తుంది, గుణకం 1.8 ఉన్న గాజైతే ఎనిమిది శాతం. గాలికి ఆనుకొని 14 తలాలు ఉన్న కటకంలో, తలానికి నాలుగు శాతం చొప్పున పోగా, సెన్సరును చేరేది 56 శాతం మాత్రమే. పోయిన కాంతి ఊరకే పోక, లోపల అటూ ఇటూ తిరిగి చిత్రాన్ని వెలవెలబోయేటట్లు చేస్తుంది. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకూలా దీనికి ఉపాయం కనుగొన్నాడు. గాజు మీద పలుచని పొరను శూన్యంలో ఆవిరి రూపంలో పూస్తే, ఆ పొర ఇరువైపుల నుండి పరావర్తనమైన తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. మెగ్నీషియం ఫ్లోరైడు పొర అయితే దాని మందం సుమారు వంద నానోమీటర్లు. నేటి బహుళ పొరల పూతలతో తలానికి అర శాతమే నష్టమనుకుంటే, అవే 14 తలాల గుండా 93 శాతం కాంతి లోనికి వస్తుంది. కిటికీ వైపు తిప్పి చూసినప్పుడు కటకంలో కనిపించే ఆకుపచ్చ, ఊదా మెరుపులు ఈ పొరలవే.

గాజు చేయని పనిని గణితం చేయడం

కానన్ సంస్థ 2021లో వెలువరించిన ఆర్.ఎఫ్. 16 మి.మీ. ఎఫ్/2.8 కటకం ఈ విషయానికి మంచి ఉదాహరణ. బరువు 165 గ్రాములు. లోపల గాజు ముక్కలు తొమ్మిది. అదే సంస్థ అద్దపు కెమేరాల కోసం తయారుచేసిన 14 మి.మీ. ఎఫ్/2.8 రెండవ తరం కటకం బరువు 645 గ్రాములు. ఇంత తేడాకు అద్దం పోవడం ఒక్కటే కారణం కాదు. చిన్న కటకం అందించిన ముడి చిత్రాన్ని ఏ సవరణా లేకుండా తెరిచి చూసినచో తలుపు అంచులు పీపా బద్దలవలె వంగి, నాలుగు మూలలు నల్లబడి ఉంటాయి. కెమేరాలోని ప్రాసెసరు ఆ వంపును సరిచేసి, మూలలకు వెలుగు పెంచి మనకు చూపిస్తుంది. దీనిని మోసమనడం సరికాదు. బరువు తగ్గించడానికి తెలిసి చేసిన ఏర్పాటు. అయితే సాగదీసిన మూలలలో సూక్ష్మ వివరాలు కొంత నశిస్తాయి. వెలుగు పెంచినచోట ఇసుక చల్లినట్లు చుక్కలు పెరుగుతాయి.

మూలల చీకటి కొత్త సమస్య కాదు. 1900లో జర్మనీలో గోర్జ్ సంస్థ వారి హైపర్గాన్ కటకం 135 డిగ్రీల మేర చూడగలిగేది. దానిలో మధ్యభాగానికి అంచుల కంటె ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగు వచ్చేది. దానిని సమం చేయడానికి కటకం ముందు నక్షత్రాకారపు చిన్న చక్రాన్ని అమర్చి, రబ్బరు బుడ్డితో గాలి ఊది తిప్పేవారు. ఆ గాలిచక్రం చేసిన పని ఈనాడు ప్రాసెసరు చేస్తున్నది.

ముఖాలు ఎందుకు సాగుతాయి?

వంపును ఎంత చక్కగా సరిచేసినా ముఖాల సాగుదల పోదు. ఇది కటకపు లోపం కాదు, రేఖాగణితం. గుండ్రని భూగోళాన్ని చదునైన పటం మీద పరిచినప్పుడు కొన్ని భాగాలు సాగినట్లే, కెమేరా ముందున్న గుండ్రని తలను చదునైన సెన్సరు మీద పరిచినప్పుడు అంచున ఉన్నది సాగుతుంది.

ఎంత సాగుతుందో బడిపిల్లలు కూడా లెక్కకట్టవచ్చు. సెన్సరు వెడల్పులో సగం 18 మి.మీ., నాభ్యంతరం 24 మి.మీ. భుజాలుగా లంబకోణ త్రిభుజం గీసినచో కర్ణం 30 మి.మీ. కర్ణాన్ని నాభ్యంతరంతో భాగిస్తే 1.25. అనగా వరుసలో చిట్టచివర ఉన్నవారి తల, ఎత్తు సరిగానే ఉండి, వెడల్పు మాత్రం 25 శాతం పెరుగుతుంది. 28 మి.మీ. కటకంలో ఇది 19 శాతం, 50 మి.మీ. కటకంలో ఆరు శాతం, కంటికి దాదాపు తెలియదు. 16 మి.మీ. కటకంలో 50 శాతం! సన్నని మనిషి కూడా అంచున స్థూలకాయంతో కనిపిస్తాడు.

చిత్రకారులకు ఇది ఎప్పుడో తెలుసు. రఫేల్ తన ‘స్కూల్ ఆఫ్ ఏథెన్స్’ కుడ్యచిత్రంలో కుడి అంచున ఉన్న గోళాలను, గణితం ప్రకారం అండాకారంలో గీయవలసి ఉండగా, గుండ్రంగానే చిత్రించాడు. కెమేరాకు ఆ స్వాతంత్ర్యం లేదు. ముఖాలను గుండ్రంగా సవరించే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నవి గాని, అవి ముఖాన్ని సరిచేస్తూ వెనుక గోడను వంచుతాయి.

దగ్గరగా తీసిన ఫోటోలో ముక్కు పెద్దదిగా కనిపించడం వేరే సంగతి. దానికి కారణం దూరం. చెవుల కంటె ముక్కు పది సెంటీమీటర్లు ముందు ఉన్నదనుకుంటే, అర మీటరు నుండి తీసినప్పుడు చెవితో పోల్చగా ముక్కు 20 శాతం పెద్దదై కనిపిస్తుంది. రెండు మీటర్ల నుండి ఐదు శాతమే.

లడ్లు, కేలండరు, దీపాలు

పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. ఒకే పరిమాణంలో గుండ్రంగా కట్టిన లడ్లు ఐదు, భోజనాల బల్ల మీద, చట్రం ఈ చివరి నుండి ఆ చివరి వరకు వరుసగా పెట్టి, కెమేరాను వాటి ఎత్తులోనే సమంగా నిలిపి ఫోటో తీయాలి. కంప్యూటరు తెర మీద స్కేలుతో ప్రతి లడ్డు వెడల్పును, ఎత్తును కొలిచినచో పై లెక్కలు కళ్ళకు కడతాయి. చివరి లడ్డు కోడిగుడ్డును పోలి ఉంటుంది. ఏ స్థానం దాటిన తరువాత ఆకారం కంటికి ఇబ్బంది కలిగిస్తున్నదో గుర్తుపెట్టుకోవాలి. ఫోటో నాడు మనుషులు ఆ హద్దుకు లోపలే ఉండాలి.

రెండవ పరీక్షకు తెలుగు కేలండరు చాలు. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అన్నీ చిన్న అక్షరాలలో కిక్కిరిసి ఉండే ఆ పేజీల కంటె మంచి పరీక్షా పత్రం దొరకదు. నాలుగు నెలల పేజీలను గోడ మీద చట్రం నాలుగు మూలలకు వచ్చేటట్లు, ఒకటి మధ్యకు వచ్చేటట్లు అంటించి, కెమేరాను ట్రైపాడ్ మీద నిలిపి, రెండు సెకండ్ల టైమరుతో తీయాలి. కెమేరా గోడకు సరిగా ఎదురుగా ఉన్నదో లేదో తెలియడానికి గోడ మధ్యన చిన్న చేతి అద్దాన్ని ఆనించి చూడాలి. అద్దంలోని కటకపు ప్రతిబింబం చట్రానికి నట్టనడుమ కనిపిస్తే చాలు. ఎఫ్/2.8, 4, 5.6, 8, 16 ల వద్ద ఒక్కొక్క చిత్రం తీయాలి. నాలుగు మూలలూ ఒకే తీరున మసకగా ఉంటే అది ఆ కటకపు స్వభావం. ఎపర్చరు తగ్గిస్తే చాలావరకు తేరుకుంటుంది. మూడు స్పష్టంగా ఉండి నాలుగవది మాత్రమే ఎఫ్/8 వద్ద కూడా అలుక్కుపోయి ఉంటే, లోపలి గాజు ముక్క పక్కకు జరిగి ఉండవచ్చు. మరొకసారి తీసి చూసినా అలాగే ఉంటే ఆ కటకాన్ని వాపసు చేయడమే మార్గం. ఎఫ్/16 వద్ద అంతా మెత్తబడడం మాత్రం ఎవరి తప్పూ కాదు. వివర్తనం వలన బిందువు 21 మైక్రోమీటర్ల చుక్కగా పరచుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ళ సెన్సరులో పిక్సెలు వెడల్పు ఆరు మైక్రోమీటర్లే.

రాత్రివేళ గదిలో దీపాలు ఆర్పి, దీపావళి ప్రమిదలను మూలలకు వచ్చేటట్లు వెలిగించి ఎఫ్/2.8 వద్ద తీస్తే, కొన్ని కటకాలలో మూలనున్న జ్యోతి రెక్కలు చాచిన పక్షివలె కనిపిస్తుంది. కుటుంబ చిత్రానికి దీనితో పని లేదు. దీపాల వేడుకలు, నక్షత్రాలు తీయదలచినవారు చూసుకోవలసినది.

అందరూ కూర్చునే రోజున

అర్ధచంద్రాకారంలో కూర్చుంటే అందరూ కెమేరాకు సమాన దూరంలో ఉంటారని చాలామంది సలహా ఇస్తారు. విశాల కోణ కటకానికి ఆ సలహా సరిపడదు. అలా కూర్చున్నప్పుడు అంచున ఉన్నవారు కెమేరాకు మరింత చేరువై, 24 మి.మీ. కటకంలో తల ఎత్తు 25 శాతం, వెడల్పు 56 శాతం పెరుగుతుంది. తిన్నని వరుసలే మేలు. 24 మి.మీ. కటకాన్ని ఎఫ్/8 వద్ద ఉంచి, ఎనిమిది అడుగుల దూరంలో ఫోకస్ చేసినచో నాలుగు అడుగుల నుండి ఆవల ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. కనుక రెండు మూడు వరుసలైనా భయం లేదు. వరుసను పొడిగించడం కంటె నేల మీద పిల్లలు, కుర్చీలలో పెద్దలు, వెనుక నిలబడి కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళుగా మూడు వరుసలు చేస్తే చట్రానికి ఇరువైపుల తలా రెండు అడుగులు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కిటికీ తెరయో, పూలకుండీయో ఎంత సాగినా ఎవరూ గమనించరు. కెమేరాను కూర్చున్నవారి కళ్ళ ఎత్తులో, పైకీ కిందికీ వంచకుండా నిలపాలి.

అమ్మమ్మ, తాతయ్య, నాయనమ్మల కుర్చీలు మధ్యలోనే ఉండాలి. సాధారణంగా ఉంటాయి కూడా. అయితే ఫోటో తీసే క్షణానికి మనవడికి అన్నం పెడుతున్న అమ్మమ్మ వంటగది నుండి తడిచేయి తుడుచుకుంటూ వచ్చి, ‘నేనిక్కడ ఉంటానులే’ అని చివర నిలబడుతుంది. ఆమెను నడుమనున్న కుర్చీ దాకా తీసుకువచ్చి కూర్చోబెట్టే వరకు మీట నొక్కకూడదు.